దుంప విత్తనం నేర్పిన పాఠాలు

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం జగిత్యాల, కోరుట్ల వైపు పసుపు చేలల్లో, నర్సరీల్లో గడిచింది. కొంతకాలం, మొక్కలోని చిన్న ముక్కను సీసాలో పెంచి కొత్త మొక్కలు తీసే టిష్యూకల్చర్ ల్యాబులో పనిచేశాను. పదవీ విరమణ తర్వాత పొలాస వ్యవసాయ కళాశాల పిల్లలు, సిరిసిల్ల దగ్గర జిల్లెల్ల కళాశాల పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. వాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటే: "సార్, టిష్యూకల్చర్‌తోటి మన రైతుకు ఏమొరుగుతది?"

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. దుంపతో పెరిగే పంటకు శుభ్రమైన విత్తనం దొరుకుతుంది. ఆ శుభ్రతను నిలబెట్టుకునే బాధ్యత మాత్రం ల్యాబుది కాదు, మనది. ఈ మాట వెనక ఉన్న అనుభవాన్ని పాఠాలుగా రాస్తున్నాను. కర్రపెండలం మీద ప్రపంచమంతటా జరిగిన పనిని, మన కోరుట్ల పసుపును పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఈ రెండు పంటల కష్టం ఒక్కటే.

1. దుంప పంటలో రోగం కూడా వారసత్వమే

వరికి, పెసరకు గింజ విత్తుతాం. గింజ కట్టేటప్పుడు మొక్క ఒంట్లోని వైరస్‌లు చాలావరకు తల్లి దగ్గరే ఆగిపోతాయి. పసుపు, అల్లం, కర్రపెండలం, అరటి, చెరకు పంటల సంగతి వేరు. వీటిలో మనం నాటేది తల్లి మొక్క శరీరంలోని ముక్కనే. పసుపులో కొమ్మో మండో, కర్రపెండలంలో కాండం ముక్క, అరటిలో పిలక. తల్లిలోని మంచి గుణం ఏమాత్రం తగ్గకుండా బిడ్డకు వస్తుంది. తల్లి ఒంట్లో ఉన్న జబ్బు కూడా అట్లాగే వస్తుంది.

మన దగ్గర ఎకరం పసుపు నాటాలంటే 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తనం కావాలి. అది నిరుడు తవ్విన పంటలోదే. ఆ చేనులో దుంపకుళ్లు ఉంటే, దానికి కారణమైన పిథియం అనే బూజు విత్తనం పొరల్లో దాగి జూన్ వాన కోసం చూస్తుంటుంది. ఆకులు అంచుల నుంచి ఎండుతూ వస్తాయి, కాండం మొదలు మెత్తబడుతుంది, పట్టి లాగితే మొక్క చేతికి ఊడివస్తుంది. కింద దుంప పిసికితే నీరు కారుతుంది. అప్పుడు రైతు మందుల దుకాణానికి పరుగెత్తుతాడు. నేను మాత్రం ముందుగా "విత్తనం ఎవరి చేనుల నుంచి తెచ్చినవన్నా?" అని అడిగేవాణ్ని. సగం రోగ నిర్ధారణ ఆ జవాబులోనే తేలిపోయేది.

2. మనకన్నా ముందు దెబ్బతిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవాలి

మన ఇళ్లలో ఉపవాసం నాడు వండే సగ్గుబియ్యం కర్రపెండలం పిండితో చేసిందే. తెలుగు నేల మీద ఆ పంటకు పెట్టింది పేరు ఉమ్మడి తూర్పు గోదావరి మెట్ట ప్రాంతం. పెద్దాపురం, సామర్లకోట చుట్టూ సగ్గుబియ్యం మిల్లులు వెలిశాయి. ఉద్యాన విశ్వవిద్యాలయానికి పెద్దాపురంలో పరిశోధన స్థానం కూడా ఉంది. పసుపు వాళ్లకు కర్రపెండలంతో ఏం పని అని మొదట్లో నన్ను కొందరు అడిగారు. దుంప పంటకు వైరస్ పడితే ఏమవుతుందో చూడాలంటే ఆ చేలకే పోవాలి.

కర్రపెండలం ఆకు అరచెయ్యి చాపినట్టు విచ్చుకుంటుంది. మొజాయిక్ తెగులు పట్టిన మొక్కలో ఆ ఆకు ముడుచుకుని, వంకరపోయి, పచ్చ పసుపు మచ్చల అతుకులతో కనిపిస్తుంది. తెగులు ముదిరితే ఆకు చిన్నబోయి, మొక్క గిడసబారి, కింద దుంప ఊరదు. ఈ వైరస్‌ను చేను నుంచి చేనుకు మోసేది తెల్లదోమ. ఏడాది నుంచి ఏడాదికి మోసేది రైతు చేతిలోని కాండం ముక్క. కోత అయిపోయాక వచ్చే ఏడుకని కట్టలు కట్టి నీడన నిలబెట్టే కర్రల్లోనే తెగులు భద్రంగా ఉంటుంది.

పోర్చుగీసువాళ్లు దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఈ పంట కేరళలో పేదల ఆకలి తీర్చింది. దుంప పంటల కోసమే 1963లో తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలో కేంద్ర పరిశోధన సంస్థను పెట్టారు. మొజాయిక్ తెగులు సోకని మొక్కలను టిష్యూకల్చర్‌తో తయారుచేసే పద్ధతి ఆ సంస్థలో బాగా సాధనకు వచ్చింది. పసుపులో మనం ఇంకా తడుముకుంటున్న విషయాలు కొన్ని అక్కడ ఏనాడో తేలిపోయాయి.

3. తీసుకునే ముక్క ఎంత చిన్నదైతే విత్తనం అంత శుభ్రం

వైరస్ నిండిన మొక్కలో కూడా చిగురు చివరన ఒక చిన్న గుబ్బ ఉంటుంది. అక్కడి కణాలు వేగంగా విడిపోతుంటాయి. నీళ్లు, ఆహారం మోసే నాళాలు ఇంకా అక్కడిదాకా రావు కాబట్టి వైరస్ కూడా సులభంగా చేరలేదు. ఫ్రాన్సులో మోరెల్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు 1952లో ఈ కొనను కోసి పెంచి, వైరస్ పట్టిన డాలియా నుంచి శుభ్రమైన మొక్కను తీశారు. నేటి పద్ధతికి అదే పునాది.

పని ఎట్లా జరుగుతుందో చూడండి. తల్లి మొక్కను కొన్ని వారాలపాటు 37, 38 డిగ్రీల వేడిలో పెంచుతారు. ఆ వేడికి వైరస్ పెరుగుదల మందగిస్తుంది. తర్వాత చిగురు కోసి, పారే నీళ్లలో కడిగి, స్పిరిట్‌లో ముంచి తీసి, క్రిమిసంహారక ద్రావణంలో కాసేపు ఉంచి, ఆవిరిలో శుద్ధిచేసి చల్లార్చిన నీటితో మళ్లీ మళ్లీ కడుగుతారు. వడగట్టిన గాలి వీచే పెట్టె ముందు కూర్చుని, సూక్ష్మదర్శిని కింద సూదితో ఒక్కో లేత ఆకును ఒలుస్తూ పోతే చివరికి అర మిల్లీమీటరు కూడా లేని, తడిగా మెరిసే గుబ్బ బయటపడుతుంది. దాన్ని బ్లేడు మొనతో తీసి సీసాలోని మేత మీద పెట్టాలి. చెయ్యి వణికితే గుబ్బ నలుగుతుంది, ఆలస్యమైతే ఎండుతుంది, కాస్త పెద్ద ముక్క తీస్తే వైరస్ వెంట వస్తుంది.

ఆ మేతకు లెక్క ఉంది. మురాషిగే, స్కూగ్ అనే ఇద్దరు 1962లో ప్రకటించిన లవణాల మిశ్రమం, లీటరుకు 30 గ్రాముల చక్కెర, విటమిన్లు, చిగుళ్లు వేర్లు వేయించే హార్మోన్లు, గడ్డకట్టడానికి అగార్. దాన్ని 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేశాకే వాడతారు. పెంపకం గదిలో 25 డిగ్రీల చల్లదనం, రోజుకు 16 గంటల వెలుతురు. ఇంత చేసినా మూడో రోజో నాలుగో రోజో సీసాలో తెల్లని బూజు దూదిలా లేవొచ్చు. పసుపులో ఈ బెడద మరీ ఎక్కువ. దాని మొగ్గ మట్టిలోనే పుట్టి మట్టిలోనే పెరుగుతుంది మరి. అందుకే పసుపు మొగ్గను ముందుగా శుభ్రమైన ఇసుకలోనో కొబ్బరి పొట్టు (కోకోపీట్)లోనో మొలకెత్తించి తీసుకోవడం మేలు.

సిరిసిల్లలో మరమగ్గం దగ్గర తెగిన పోగును కంటితో పట్టి, క్షణంలో ముడివేసే చేతులున్నాయి. ఈ పనికి కావలసింది అటువంటి చెయ్యే. ల్యాబు అంటే పెద్ద చదువుల వాళ్లదే అనుకోకండి. ఓర్పు, శుభ్రత ఉన్న ఆడపిల్లలు కొద్ది నెలల శిక్షణతో ఈ పనిలో ఆరితేరడం కళ్లారా చూశాను.

4. శుభ్రత వేరు, తట్టుకునే గుణం వేరు

రైతులు ఎక్కువగా పొరబడే చోటు ఇదే. టిష్యూకల్చర్ మొక్క అంటే జబ్బు రాని మొక్క అనుకుంటారు. నాటే రోజున దాని ఒంట్లో జబ్బు లేదన్నంత వరకే అది నిజం. పక్క చేనులో మొజాయిక్ పట్టిన కర్రపెండలం ఉంటే తెల్లదోమ వాలిన నాటి నుంచి ఈ మొక్కకూ తెగులు మొదలవుతుంది. దుంపకుళ్లు ఉన్న మడిలో శుభ్రమైన పసుపు మొక్క పెట్టినా అంతే. బూజు మట్టిలో కాచుకుని ఉంటుంది.

తట్టుకునే గుణం రకంలో ఉండాలి. దాన్ని ప్రజననంతో తేవాలి. నైజీరియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ మొజాయిక్‌ను తట్టుకునే కర్రపెండలం రకాలను తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని శ్రీకార్యం సంస్థ పరీక్షించి 'శ్రీ పద్మనాభ' పేరుతో మన రైతులకు ఇచ్చింది. కర్రల కట్టలతో దేశాలు దాటిస్తే కొత్త పురుగులు, తెగుళ్లు కూడా దాటుతాయి. అందుకే ఇటువంటి రకాలు దేశం నుంచి దేశానికి గాజు గొట్టాల్లోని లేత మొక్కలుగా ప్రయాణిస్తాయి. కొలంబియాలోని అంతర్జాతీయ జన్యునిధిలో ఆరు వేలకు పైగా కర్రపెండలం నమూనాలు అట్లా గొట్టాల్లోనే బతుకుతున్నాయి.

పసుపు రైతుకు నేను చెప్పేది ఇది: శుభ్రమైన విత్తనం తెచ్చుకోండి, దాన్ని మూడేళ్లుగా పసుపు, అల్లం వేయని మడిలో పెట్టండి. నీళ్లు నిలవకుండా ఎత్తు బోదెలు చేయండి. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలిపి మగ్గబెట్టి వేయండి. వీటిలో ఏది వదిలినా ల్యాబుకు పెట్టిన ఖర్చు మట్టిపాలే.

5. మొక్క ఏ దారిన వచ్చిందో అడగాలి

ల్యాబులో మొక్కను పెంచే దారులు ఒకటికి నాలుగున్నాయి. ఉన్న మొగ్గను విచ్చుకోనిచ్చి పిలకలు తీయడం ఒకటి. ఈ దారిలో బిడ్డ చాలావరకు తల్లిలాగే ఉంటుంది. ఆకు ముక్కనో కాండం ముక్కనో ముందు రూపం లేని కణాల ముద్దగా మార్చి, ఆ ముద్ద నుంచి మళ్లీ మొక్కలు తీయడం ఇంకొకటి. ఇందులో మొక్కలు వేల మీద వస్తాయి. వాటిలో కొన్ని తల్లిని పోలవు. అరటి తోటల్లో జీ9 రకం టిష్యూకల్చర్ మొక్కల మధ్య అక్కడక్కడ కురచగా, ఆకులు గుత్తిగా ఉండే మొక్కలను మీరూ చూసి ఉంటారు.

కర్రపెండలంలో దీనికి పెద్ద నిదర్శనం ఉంది. ఆఫ్రికా రైతుల పాత రకాల్లో మొజాయిక్‌ను ఆపే సీఎండీ2 అనే బలమైన గుణం ఉంది. ఆ రకాలను కణాల నుంచి పిండాలు తీసే పద్ధతిలో ల్యాబులో పెంచితే, తిరిగి వచ్చిన మొక్కలు ఆ గుణాన్నే పోగొట్టుకున్నాయని శాస్త్రవేత్తలు 2016లో వెల్లడించారు. చూపుకు అదే మొక్క. చేనులో పెడితే తెగులుకు లొంగిపోయింది. మేలు చేయడానికి వాడిన పద్ధతే మొక్క బలాన్ని తీసేసింది. దీన్ని ప్రతి విద్యార్థీ గుర్తుపెట్టుకోవాలి.

అందుకని మొక్కలు కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. తల్లి మొక్క ఎక్కడిది? వైరస్ పరీక్ష చేశారా? తల్లి గుణమే వచ్చిందని పరీక్షించారా? కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో టిష్యూకల్చర్ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ వ్యవస్థ పెట్టింది. గుర్తింపు పొందిన ల్యాబు ధ్రువీకరణ లేబుల్‌తో మొక్కలు ఇస్తుంది. ఆ లేబుల్ చూపించమని అడగడం రైతు హక్కు. బస్టాండు దగ్గర ట్రాలీ ఆటోలో తెచ్చి అమ్మే మొక్కకు జవాబుదారీ ఎవరూ ఉండరు.

6. సీసా దాటాకే అసలు పరీక్ష

సీసాలో పెరిగిన మొక్కకు ఎండ తెలియదు, గాలి తెలియదు. దాని ఆకు మీద నీళ్లు పోకుండా కాపాడే మైనపు పొర పలచగా ఉంటుంది. చక్కెర మేత తిని పెరిగింది కాబట్టి తన తిండి తాను తయారుచేసుకోవడమూ పూర్తిగా రాదు. దాన్ని ఒక్కసారిగా బయట పెడితే గంటల్లో వాడిపోతుంది. మన జగిత్యాలలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది.

అందుకే మొక్కను బయటి ఎండకు, గాలికి అలవాటు చేసే హార్డెనింగ్‌ను మెట్లు మెట్లుగా చేయాలి. ముందుగా గోరువెచ్చని నీళ్లలో వేర్లకు అంటిన అగార్‌ను వేలి కొసలతో నెమ్మదిగా కడగాలి. చక్కెర జిగురు మిగిలితే రెండు రోజుల్లో అక్కడ బూజు పడుతుంది. తర్వాత శుద్ధిచేసిన కోకోపీట్ నింపిన ప్రోట్రే (గుంతల పళ్లెం)లో నాటి, పాలిథిన్ గుడారం కింద తేమ పట్టి ఉంచాలి. కొత్త ఆకు విచ్చుకున్నాక గుడారం అంచు కొద్దిగా ఎత్తాలి. రోజురోజుకూ గాలి పెంచుతూ షేడ్‌నెట్ కిందికి, ఆపైన సగం ఎండలోకి తేవాలి. సీసాలో ఉన్నప్పటి ఆకులు రాలిపోయినా దిగులు పడొద్దు. బయట పుట్టిన కొత్త ఆకులే దాన్ని బతికిస్తాయి.

ల్యాబు కట్టడానికి డబ్బు దొరుకుతుంది, రిబ్బన్ కత్తిరించడానికి పెద్దలు వస్తారు. హార్డెనింగ్ షెడ్డు ఖర్చు, అందులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తేమ చూసే మనిషి జీతం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. మొక్కలు ఎక్కువగా చచ్చేది అక్కడే. కాబట్టి ఖర్చు లెక్క వేసేటప్పుడు షెడ్డును ల్యాబుతో సమానంగా చూడాలి.

7. ఖరీదైన మొక్కను తల్లిగా వాడుకోవాలి

కోరుట్ల దగ్గర ఒక రైతు ప్రోట్రేలోని పసుపు మొక్కను చేతిలోకి తీసుకుని అన్నాడు: "సారూ, గీ వేలంత మొక్కకు గిన్ని పైసలా? ఎకరం నిండాలంటే నా ఎకరమే అమ్మాలె." ఆయన లెక్క నూటికి నూరుపాళ్లు నిజం. ఎకరమంతా ల్యాబు మొక్కలు నాటితే గిట్టుబాటు కాదు. పైగా ల్యాబు నుంచి వచ్చిన పసుపు మొక్క మొదటి ఏడు చిన్న దుంపలే ఇస్తుంది. అమ్మకానికి పనికొచ్చే కొమ్ము కావాలంటే ఆ చిన్న దుంపను మళ్లీ నాటాలి.

"దీన్ని పంటకు పెట్టకన్నా, విత్తనానికి పెట్టుకో" అని ఆయనకు చెప్పాను. మొదటి ఏడు రెండు మూడు గుంటల్లో ల్యాబు మొక్కలు పెట్టాలి. వచ్చిన చిన్న దుంపలను రెండో ఏడు విత్తన మడిలో నాటాలి. మూడో ఏడు ఆ విత్తనం చేనుకు పోతుంది. అప్పటికి మొక్క ఖరీదు క్వింటాళ్ల మీద పంచుకుపోతుంది.

ఈ పెంపకాన్ని త్వరపెట్టే ఉపాయాలు ల్యాబు బయటే ఉన్నాయి. కర్రపెండలంలో మామూలుగా ఒక మొక్క కాండం నుంచి పది మొక్కలకు సరిపడా ముక్కలు వస్తాయి. శ్రీకార్యం శాస్త్రవేత్తలు రెండు కణుపుల చిన్న ముక్కను నర్సరీలో మొలిపించి నాటే పద్ధతి తెచ్చి ఆ పదిని అరవైదాకా పెంచారు. నర్సరీలోనే తెగులు మచ్చ కనిపించిన మొక్కను ఏరిపారేసే అవకాశం దానితో వచ్చిన రెండో లాభం.

పసుపులో కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇటువంటిదే చెప్పింది. ఒక్క కన్ను ఉన్న 5 నుంచి 7 గ్రాముల ముక్కను ప్రోట్రేలో పెట్టి, నెల దాటాక చేనులో నాటాలి. క్వింటాళ్ల విత్తనం ఆదా అవుతుంది, మొలవని ముక్కా కుళ్లిన ముక్కా ట్రేలోనే తేలిపోతాయి. ల్యాబు దగ్గర లేని ఊరిలో కూడా ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు.

8. విత్తనం ఊరు దాటితే పురుగూ దాటుతుంది

2020లో కేరళలోని త్రిస్సూరులో కర్రపెండలం పిండినల్లి మన దేశంలో మొదటిసారి కనిపించింది. చూస్తుండగానే తమిళనాడు చేలకు చేరి చిగుళ్లను గుత్తిలా ముడిచేసింది. నాటే కర్రల కట్టలే దానికి వాహనం. ఆఫ్రికాలో ఇదే పురుగును దశాబ్దాల కింద ఒక చిన్న కందిరీగ అదుపుచేసింది. ఆ కందిరీగను ఆఫ్రికాలోని బెనిన్ నుంచి తెప్పించి, పెంచి, 2022లో సేలం జిల్లా ఏతాపూర్‌లో విడుదల చేశారు. దేశం దాటి వచ్చిన పురుగుకు దేశం దాటి మందు తేవలసి వచ్చింది.

మన వైపు ఎవరో కొత్త రకం పసుపు మంచి ధర పలికిందని చెప్పగానే లారీ కట్టుకుని పరాయి జిల్లా నుంచి విత్తనం దించుకుంటారు. దించుకునే ముందు ఆ చేను నిలబడి ఉన్నప్పుడే ఒకసారి చూసి రండి. తవ్వి కుప్పపోసిన పసుపు అంతా ఒకేలా మెరుస్తుంది. రోగం సంగతి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆకు చెబుతుంది.

9. బయోటెక్నాలజీ అంటే జన్యుమార్పిడి ఒక్కటే అనుకోవద్దు

బయోటెక్నాలజీ పేరు వినగానే కొందరు భయపడతారు, కొందరు మురిసిపోతారు. రెండూ తొందరపాటే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలోని బ్యాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టడం జన్యుమార్పిడి. మొదట్లో కాయతొలిచే పురుగు తగ్గింది. తర్వాత గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటుపడి మళ్లీ చేలను తొలిచింది. సిరిసిల్ల, జగిత్యాల పత్తి రైతులకు ఈ కథ వేరే చెప్పనక్కర్లేదు.

జన్యుమార్పిడి లేని దారులూ ఉన్నాయి. సాంబమసూరికి ఎండాకు తెగులు శాపం. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి, తెగులును ఆపే మూడు జన్యువులున్న వరితో సాంబమసూరిని సంకరం చేశాయి. జన్యువు వచ్చిన మొలకలను డీఎన్ఏ గుర్తులతో ఏరుకుంటూ వెళ్లి, 2008లో మెరుగైన సాంబమసూరిని విడుదల చేశాయి. అదే వరి పరిశోధన సంస్థ సాంబమసూరి సొంత జన్యువునే సవరించి తయారుచేసిన 'కమల' రకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. సుమారు 20 రోజులు ముందుగా కోతకు వస్తుందని శాస్త్రవేత్తలు చెప్పారు. దాన్ని మన చేలల్లో, మన కాల్వ నీటి కింద పరీక్షించి చూడాల్సింది మనమే.

దుంప పంటలకు ఈ పరిజ్ఞానం మరీ అవసరం. పసుపు కణంలో 63 క్రోమోజోములు, అంటే జతలుగా కాకుండా ఒక్కోటి మూడేసి ప్రతులుగా ఉంటాయి. అందువల్ల గింజ కట్టడం అరుదు, సంకరం చేయడం కష్టం. అరుదుగా దొరికిన గింజ మొలకల నుంచే కోళికోడ్ వాళ్లు ప్రభ, ప్రతిభ రకాలు తీశారు. ఎంపిక పద్ధతిలో 180 రోజులకే తవ్వకానికి వచ్చే ప్రగతిని ఇచ్చారు. గింజతో ప్రజననం సాగని చోట మొక్క కణం స్థాయిలో పనిచేయడం తప్పదు. కర్రపెండలంలోనూ గోధుమరంగు చార తెగులును ఆపే జన్యుమార్పిడి రకానికి కెన్యా 2021లో అనుమతి ఇచ్చింది. ఏ దారినైనా పంట, తినేవాళ్ల ఆరోగ్యం, విత్తనం మీద రైతు హక్కు అనే మూడు తూకాల్లో పెట్టి చూసి ఒప్పుకోవాలి.

10. ఊరంతా ఒకే రకం మీద ఆనుకోవద్దు

పొలాస పరిశోధన స్థానం వరికి పెట్టిన భిక్ష మన ప్రాంతం మరచిపోకూడదు. ఉల్లికోడు పట్టిన వరి పిలక ఉల్లికాడలా గొట్టమై కంకి వేయదు. ఉల్లికోడును తట్టుకుంటూ సన్నబియ్యం ఇచ్చే జగిత్యాల సన్నాలు అక్కడే పుట్టింది. అయినా ఉల్లికోడు ఊరికే ఉండదు. ఒక రకాన్ని అందరూ వేస్తే దాన్ని దాటే పురుగు జాతి పుట్టుకొస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు రకం తర్వాత రకం తెస్తూనే ఉంటారు.

టిష్యూకల్చర్‌లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక్క తల్లి నుంచి లక్ష మొక్కలు వస్తే ఆ లక్షకూ ఒకటే బలహీనత. కాబట్టి ల్యాబులోకి ఒక్క రకాన్నే పంపకండి. ఆర్మూరు రకం, ఎర్రగుంటూరు, కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన స్థానం ఎంపికలు, ప్రగతి, మీ ఊరిలో ముసలివాళ్లు దాచుకున్న పాత విత్తనం కూడా పంపండి. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం మన విత్తనాన్ని మనం దాచుకునే, పంచుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కును ఇచ్చింది. సంరక్షించిన పాత రకాన్ని రైతు పేరున నమోదు చేసుకునే వీలు కూడా ఇచ్చింది. ఆ హక్కును ఉపయోగించుకోవాలి.

11. ఎవరి వంతు పని వాళ్లు చేస్తేనే విత్తనం శుభ్రంగా ఉంటుంది

2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. రైతులు ఏళ్ల తరబడి కోరగా వచ్చిన బోర్డు అది. దాని దగ్గర ధర గురించి మాట్లాడినంత గట్టిగా విత్తనం గురించి కూడా మాట్లాడాలి. నా దృష్టిలో పని ఇట్లా పంచుకోవాలి.

విశ్వవిద్యాలయం, కమ్మర్‌పల్లి స్థానం ప్రతి రకానికీ పరీక్షించిన తల్లి మొక్కలను కాపాడాలి. పొలాస, జిల్లెల్ల కళాశాలల్లో విద్యార్థులు ల్యాబు పని, వైరస్ పరీక్ష, తల్లి గుణం పరీక్ష నేర్చుకోవాలి. హార్డెనింగ్ షెడ్లను రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, మహిళా సంఘాలకు అప్పగించాలి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల మండలాల్లో పసుపు చేలకు దూరంగా, మంచి మురుగునీటి పారుదల ఉన్న నేల చూసి విత్తన మడులు పెట్టాలి. మధ్యమానేరు జలాశయం నీళ్లు వచ్చిన సిరిసిల్ల వైపు పసుపు ఎన్నడూ ఎరగని నేలలు ఉన్నాయి. దుంపకుళ్లు లేని కొత్త నేల విత్తన మడికి ఎంతో విలువైనది. ప్రతి మడికీ ఒక నోటుబుక్కు ఉండాలి. తల్లి ఏది, ఎప్పుడు నాటారు, ఎన్ని కుదుళ్లు ఏరిపారేశారు అన్నది రాసిపెట్టాలి.

రైతు మాత్రం ఇవన్నీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ ఏడు చేను నిలబడి ఉన్నప్పుడే ఆరోగ్యంగా ఉన్న కుదుళ్ల పక్కన కర్ర పాతి గుర్తుపెట్టండి. వాటిని విడిగా తవ్వండి, విడిగా నిలవ చేయండి. జూన్‌లో ఒక్క కన్ను ముక్కలుగా ట్రేలో మొలిపించి, రెండు గుంటల కొత్త మడిలో నాటండి. ల్యాబు మొక్క దొరికిన ఏడు దాన్ని పెట్టడానికి మీ దగ్గర శుభ్రమైన మడి, విత్తనం ఏరే అలవాటు అప్పటికే ఉంటాయి. ఆ రెండూ ఉన్న రైతు చేతిలోనే టిష్యూకల్చర్ పెట్టుబడి పంటగా తిరిగి వస్తుంది.